గడియ తీయవా వదినా! ధనుర్మాసంలో ఇంటి ముస్తాబు

 

నిన్నటి వీడియోలో తిరుప్పావై తొమ్మిదో పాశురం చెప్పుకున్నాం కదా. అందులో ఒక్క సంగతిని కావాలనే ఇక్కడికి దాచాను. వింటూ పోయేకంటే నింపాదిగా చదువుకుంటే బాగుంటుందని.

డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే. చలికాలంలో ఇల్లు వెచ్చగా, ముచ్చటగా సర్దుకోవాలని ఉంది; ఫెయిరీ లైట్లు, సువాసన కొవ్వొత్తులు, సోఫా మీద మెత్తటి దుప్పటి, ఇవన్నీ పెట్టుకోవచ్చా? ధనుర్మాసం వ్రతాల నెల కదా, ఇంత సుఖం తప్పేమో? కొందరు వాస్తు కూడా అడిగారు. వాస్తు సంగతి నన్ను వదిలేయండి, దాని జోలికి నేను పోను. మిగతా ప్రశ్నకు మాత్రం జవాబు ఆండాళ్ తల్లి ఎప్పుడో చెప్పింది.

తొమ్మిదో పాశురంలో ఆమె చూపించే ఇల్లు ఒకసారి ఊహించుకోండి. మణులు పొదిగిన మేడ. చుట్టూరా దీపాలు వెలుగుతున్నాయి. ధూపం వాసన గదంతా కమ్ముకుంది. మెత్తటి పడక మీద ఒక పిల్ల ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. మీరు ఫోన్‌లో సేవ్ చేసుకునే కోజీ గదుల ఫొటోలన్నీ దీని తర్వాతే! అంత ముచ్చటపడి వర్ణించింది అమ్మ. దీపాలెందుకన్నదా? లేదు. పడక మీద నుంచి దిగి నేల మీద పడుకోమన్నదా? అదీ లేదు. ఆమె అడిగింది ఒక్కటే, తలుపు గడియ తీయమని.

అదీ ఎంత చనువుగా! లోపలి పిల్లను మామ కూతురా అని పిలుస్తుంది. మేనమామ కూతురంటే మన ఇళ్లలో వదినో మరదలో. పరాచికాలాడే చుట్టరికం. అందుకే పిలిచినా లేవకపోయేసరికి లోపల ఉన్న అత్తను పట్టుకుని, మీ అమ్మాయి మూగదా, చెవిటిదా, ఎవరైనా మంత్రం వేసి నిద్రపుచ్చారా అని వేళాకోళం చేస్తుంది. కోపం కాదది. లోపల అంత వెచ్చగా ఉన్నదానివి మమ్మల్నీ కలుపుకోవా అనే ప్రేమ.

ఇక బయట ఉన్నవాళ్ల సంగతి తెలియాలంటే పన్నెండో పాశురం దాకా వెళ్లాలి. దూడలను తలచుకుని గేదెలు పాలు చేపేస్తుంటే ఆ పాలకు వాకిలంతా బురదైపోయిన ఇల్లది. సంపన్నుల ఇల్లు. దాని ముందు ఈ పిల్లలు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు. పైన మంచు పడుతోంది, తల మీద. కింద కాళ్లు పాలబురదలో. తిరుప్పావైలో నాకు చలి నిజంగా తగిలేది ఇక్కడే.

రెండో పాశురం కూడా గుర్తు చేసుకోండి. వ్రతం నియమాలు అందులో ఉన్నాయి. కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం, నెయ్యి పాలు ముట్టం అంటూనే, చేతనైనంత దానం చేస్తాం, భిక్ష పెడతాం అని ఒప్పుకుంటారు ఆ పిల్లలు. ఒంటి అలంకారం ఆగింది, ఇవ్వడం ఆగలేదు. ఆ అలంకారం, మోచేతి దాకా నెయ్యి కారే పాయసాన్నం ఇరవై ఏడో పాశురంలో తిరిగొస్తాయి. అయితే ఎలా తిరిగొస్తాయి? అందరూ కలిసి కూర్చుని తింటున్నప్పుడు. సుఖాన్ని వద్దనలేదు తల్లి, ఒంటరి సుఖాన్ని కాసేపు పక్కన పెట్టమంది.

ఈ పిల్లకు ఈ బుద్ధి ఎక్కడిది? పుట్టింటిది. ఆండాళ్ నాన్నగారు విష్ణుచిత్తుడు, పెరియాళ్వార్. మన తెలుగువాళ్ల అదృష్టం ఏంటంటే, ఆ ఇంటి వంటగదిని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కళ్లకు కట్టించాడు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన చక్రవర్తి, ఒక బీద భాగవతుడి ఇంట్లో ఏ కాలంలో అతిథికి ఏం వడ్డించారో కూర్చుని రాశాడంటే ఆశ్చర్యం కదా! వానాకాలంలో ముసురు పట్టినప్పుడు, పొగ భార్య కళ్లలోకి పోకుండా కొబ్బరిచిప్పలు రాజేసి వండించేవాడట. శీతాకాలంలోనైతే ఘుమఘుమలాడే కొత్తబియ్యపు అన్నం, మిరియాల ఘాటుతో చుయ్యిమనే కూరలు, ముక్కు వదిలించే ఆవపచ్చళ్లు, పాయసం, చెయ్యి చురుక్కుమనే వేడి నెయ్యి. జలుబు చేసిన అతిథికి ఇంతకంటే వెచ్చటి గది ఏముంటుంది చెప్పండి? అర్ధరాత్రి ఆ ఇంటి దగ్గర చెవి పెట్టి వింటే హరికథలతో పాటు ఇంకో గొంతు వినిపించేదంటాడు రాయలు. కూరలు తక్కువయ్యాయని, చల్లారాయని నొచ్చుకుంటూనే, వేళ కాని వేళ వచ్చినవాణ్ణి భోజనానికి బతిమాలే గొంతు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టే మూసిన గడియ ఆమెకు అంత వింతగా తోచింది.

మన పాతబస్తీలో గౌలిపురా, లాల్‌దర్వాజా, శాలిబండ గల్లీల్లో పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఈసారి అటు వెళ్లినప్పుడు వాకిలి దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. గోడలో గూడు ఉంటుంది, దీపం పెట్టడానికి. పక్క గల్లీ ఉర్దూలో దాన్నే తాఖ్ అంటారు. ఆ దీపం లోపలివాళ్ల కోసం కాదు, గల్లీలో నడిచేవాడి కోసం. ఇంటి ముందు అరుగు, అదే మన చబుత్ర. (పోలీసుల ‘మిషన్ చబుత్ర’ గుర్తొచ్చి నవ్వుకోకండి. అర్ధరాత్రి దాకా మీటింగులు పెట్టే మన తమ్ముళ్ల పుణ్యం అది.) ఆ అరుగు మీద ఇంటివాళ్లకంటే దారినపోయేవాళ్లే ఎక్కువ కూర్చునేవాళ్లు. ముగ్గు సంగతీ అంతే, గడపకు అవతల పెడతాం, ఇంట్లోంచి సరిగా కనిపించదు కూడా. బియ్యప్పిండితో వేస్తే చీమలకు ఆహారం. గృహస్థు రోజూ చేయాలని పెద్దలు చెప్పిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అంటే ఇదే, తోటి ప్రాణులకు పెట్టడం. వచ్చిన మనిషికి పెట్టడం మనుష్యయజ్ఞం. రెండూ గడప దగ్గరే జరుగుతాయి చూడండి. స్టిక్కర్ ముగ్గుతో నాకు పేచీ లేదు గానీ, పాపం చీమ మోసపోతుంది.

కాబట్టి లైట్లు పెట్టుకోండి, దుప్పటి కొనుక్కోండి. మదీనా, పత్తర్‌గట్టి వైపు వెళ్తే బట్టల దుకాణాలకు కొదవ లేదు. ఒకటి కొనేచోట రెండు కొనండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన ఊరి చలి మామూలుగా 14, 15 డిగ్రీలు. కొన్ని రాత్రులు 10 దాకా దిగుతుంది. కిటికీ మూసుకున్నవాళ్లకు అది హాయి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్‌కు కాదు. పెద్దాసుపత్రుల బయట, లోపల మంచం మీద తమవాళ్లను ఉంచి ఫుట్‌పాత్ మీద అట్టముక్క పరుచుకుని పడుకునే ఊళ్లవాళ్లకు అస్సలు కాదు. మంచు తల మీద పడుతుండగా ద్వారబంధం పట్టుకున్నవాళ్లు వీళ్లే. ఆ రెండో దుప్పటిని పాతది, చిరిగింది చూసి ఇవ్వకండి. దేవుడికి వాడిన పువ్వు పెడతామా?

ఫెయిరీ లైట్ల దండలో ఒకటైనా తలుపు బయటికి రానివ్వండి. గడప పక్కన చిన్న స్టూలు వేయండి. మూడంతస్తులు ఎక్కి డెలివరీ ఇచ్చే కుర్రాడు అరనిమిషం కూర్చుంటాడు. ఫ్లాస్కులో చాయ్ ఉంటే ఇంకా మంచిది. ‘వద్దక్కా, లేటవుతది’ అంటాడు మొదటిరోజు. అననివ్వండి.

ఇక్కడ అమ్మాయిలు అడిగే మాట నాకు తెలుసు. ఒంటరిగా ఉంటాం, ఎవరు పడితే వాళ్లకు తలుపు తీయగలమా? తీయొద్దు. మీ క్షేమం చూసుకోండి, గొలుసు వేసే ఉంచండి. తైత్తిరీయోపనిషత్తు అతిథిని దేవుడిలా చూడమంది గానీ జాగ్రత్త మానుకోమనలేదు. మాట మాత్రం తలుపు తీయకుండానే పలకొచ్చు కదా. బెల్ మోగితే లోపల టీవీ సౌండు తగ్గించి, ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టి నిలబడటం మనందరికీ తెలిసిన విద్యే!

మరో మాట. ఈ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. అంటే స్వామివారిని కూడా ఈ నెల్లాళ్లూ నిద్రలేపేది ఈ పిల్ల పాటే. వీలైతే ఒక్కరోజు పొద్దున్నే పురానాపూల్ దాటి జియాగూడ రంగనాథస్వామి గుడికి వెళ్లండి. ఆండాళ్ కోరి వరించిన స్వామి ఆ రంగనాథుడే. చీకటి ఉండగానే బయల్దేరితే దారిలో అజాన్ వినిపిస్తుంది, ఇరానీ చాయ్ దుకాణాల షట్టర్లు లేస్తుంటాయి. స్వెటర్ మర్చిపోకండి, మూసీ పక్కన చలి ఎక్కువ.

రేపటి వీడియో పదో పాశురం. అందులో ఆండాళ్ ఇంకో ఇంటి ముందు నిలబడి, తలుపు తీయనివాళ్లు మాటైనా పలకరా అని అడుగుతుంది. నిద్రలో కుంభకర్ణుణ్ణి కూడా ఓడించావా అని ఆటపట్టిస్తుంది. పొద్దున్న ఐదున్నరకు పెడతాను. లేవగలిగినవాళ్లు లేవండి, లేవలేనివాళ్లను పక్కవాళ్లు లేపండి.