తాళపుచెవి నిచ్చు వయస్సు

"పదునెనిమిదేండ్లు నిండిన నాటి యుదయమున మనుష్యునకు క్రొత్తగా బుద్ధి పుట్టునా? ముందటి రాత్రి లేని నిదానము తెల్లవారునప్పటికి వచ్చి చేరునా?" స్కూటరు తాళపుచెవి నడిగి కాదనిపించుకొన్న మా కుమారుడు మమ్మిట్లు ప్రశ్నించెను. వానికి 15 ఏండ్లు. అలిగినవాని మాటయని మొదట నుపేక్షించితిమి గాని, యాలోచించిన కొలదిని నది ప్రత్యుత్తర మీయదగిన ప్రశ్నయే యని తోచినది.

యువకుల పక్షమున చెప్పదగినది కొంత కలదు. తమ చేయి స్థిరమైనదనియు, తమ కన్ను పెద్దల కంటికంటె చుఱుకైనదనియు వారందురు. చదువునకు దూరము పోవలెను, బస్సు వేళకు రాదందురు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో 16 ఏండ్లవారికే కొన్ని నిబంధనలతో లైసెన్సు నిచ్చుచుండగా మన కేల యీ కట్టడి యని యడుగుదురు. ఈ మాటలలో నసత్యము లేదు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 18 ఏండ్లు నిండనివారు వీథులలో మోటారు బండి నడుపరాదని శాసించినది. 50 సి.సి.కి మించని యింజనుగల మోటారు సైకిలును మాత్రము 16 ఏండ్లకు నడుపవచ్చును. నేడు మన యిండ్లలోని పెట్రోలు స్కూటర్లు చాలవఱకు 100 సి.సి.కి పైబడినవే కావున నా సడలింపు పేరునకే మిగిలినది. ఆ యేటనే పార్లమెంటు ఓటు వయస్సును 21 నుండి 18కి దించుటకు రాజ్యాంగసవరణ నామోదించుట గమనింపదగినది. రాజ్యభారమున పాలు పంచుకొనుటకును, బండి నడుపుటకును ఒక్క వయస్సే యేర్పడినది.

18 అను నంకె బుద్ధికి కొలమానము కాదు. ఒక్కొక్కని వివేకమును తూచి చూడజాలని శాసనము ఎక్కడనో యొకచోట గీత గీయక తప్పదు. బండిని త్రిప్పుట యొక వారములో వచ్చును. సందులోనుండి బంతివెంట పరుగెత్తివచ్చు పసివానిని, వాడు రాకమునుపే యూహించుట వారములో రాదు. వెనుక కూర్చున్న స్నేహితుడు "ఇంకను వేగముగా పోనిమ్ము" అని పురికొల్పినపుడు కాదనుటయు వారములో రాదు. తన ప్రాణమును పణము పెట్టుట తన యిష్టమని యెవడైన ననవచ్చును. కూరగాయల సంచితో వీథి దాటుచున్న ముదుసలి ప్రాణమును పణము పెట్టుటకు వాని కెవ రధికార మిచ్చిరి? ఆమె నెవరు నడుగలేదు. లైసెన్సనగా నట్టి యపరిచితులకు మన మిచ్చు మాట.

ఇట్లు బోధించి తృప్తి నొందుచుండగా మావాడు మెల్లగా, "నాన్నగారూ, మొన్న చుట్టములు వచ్చినపుడు పాలకై నన్ను స్కూటరుపై పంపితిరే, నాడు నా వయస్సెంత?" అనెను. మాకు నోట మాట రాలేదు. 2019 సవరణ ప్రకారము పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో, తాము జాగ్రత్త పడితిమని నిరూపింపనిదే, తలిదండ్రులో బండి యజమానియో దోషులగుదురు. మూడేండ్లవఱకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా గలవు; ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. శిక్ష యటుండగా, మా యవసరమునకు చట్టమును సడలించి, వాని కోరికకు దానిని బిగించితిమి. వాడు మావలన నేర్చిన మొదటి పాఠ మదియే.

దళారికి రూకలిచ్చి పరీక్ష లేకయే లైసెన్సు సంపాదించు పెద్దలు నేర్పునదియు నదియే. కుమారునకు పదునైదేండ్లకే తాళపుచెవి నిచ్చి, కుమార్తెకు ఇరువదేండ్లు వచ్చినను "నీ కేల?" యను గృహములును గలవు. అచ్చట వయస్సు నెపము మాత్రమే.

కావున మా యింట నొక నియమ మేర్పఱచుకొంటిమి. 18 నిండువఱకు ఎవరికిని తాళపుచెవి లేదు, పనులకు పంపుటయు లేదు. నిండిన పిదప కొడుకైనను కూతురైనను తామే వరుసలో నిలిచి పరీక్ష నీయవలెను. తప్పినచో మరల పోవలెను. నాటినుండి పాలకు మేము నడచియే పోవుచున్నాము.