బ్రతికినవాని సాక్ష్యము



గడచిన వేసవిలో మా గ్రామ సహోదరుడొకడు బావిలో పడి బ్రతికెను. మీలో కొందరు ఈ సంగతి వినియుందురు. వినినవారందరు నన్ను చూచినప్పుడు, "దేవుడు ఎంత గొప్ప కార్యము చేసెను అయ్యగారూ" అని సంతోషించిరి. నేనును సంతోషించితిని. అయితే ఆ సంతోషములో నేను చేసిన పొరపాటొకటి ఉన్నది. దానిని గూర్చి వ్రాయుటకే ఈ నెల కలము పట్టితిని.

ఆ సహోదరుడు కూలిపని చేసికొనువాడు. ఒక ఆసామి పొలములో పూడిక తీయుటకు బావిలోనికి దిగెను. రాతికట్టు బావి, సుమారు 40 అడుగుల లోతు. పైన గిరక, గిరకమీద మోకు, మోకు చివర తట్ట. ప్రొద్దు గూకువేళ పని ముగించి ఆ మోకు పట్టుకొనియే పైకి వచ్చుచుండగా సగము దూరములో అది తెగెను. అడుగున మోకాలి లోతు బురద ఉండుటచేత ప్రాణము దక్కెను గాని తుంటి యెముక విరిగెను. కట్టు రాళ్లు ఒక్కొక్కటిగా జారుచుండుటచేత దిగుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. చివరకు బోరు మోటార్లు బాగుచేయు ఒక మహమ్మదీయ యువకుడు క్రొత్త నైలాను త్రాడు నడుమునకు కట్టుకొని దిగెను. నులకమంచము నాలుగు కోళ్లకు త్రాళ్లు కట్టి లోపలికి దింపిరి. విరిగిన మనుష్యుని మంచమునకు కట్టునప్పుడు త్రాడు ఒరిసికొనకుండుటకు మా సంఘములోని విధవరాలు ఒకతె ఇంటికి పరుగెత్తి తన పాత చీరలు తెచ్చి యిచ్చెను. 108 బండి వచ్చునప్పటికి చీకటి పడెను.

మూడు నెలలకు అతడు చేతికర్రతో గుడికి వచ్చెను. కృతజ్ఞతారాధన జరిపితిమి. నేను గట్టిగానే ప్రసంగించితిని. ఇతని విశ్వాసమును దేవుడు చూచెననియు, ఇతనిని ప్రేమించెను గనుక దూతలను పంపి నడిమధ్యను పట్టుకొనెననియు చెప్పితిని. సంఘమంతయు స్తోత్రము అనెను.

ఆరాధన ముగిసి నేను గుమ్మమునొద్ద నిలువబడి యుండగా, ఆ చీరలు తెచ్చిన తల్లి అందరును వెళ్లిన తరువాత నాయొద్దకు వచ్చెను. అయిదేండ్ల క్రిందట ఆమె పెనిమిటి పట్టణములో మేడకు పూత పూయుచు పరంజా విరిగి పడి అక్కడనే చనిపోయెను. నమ్మకమైన మనుష్యుడు. మా గుడిలో డోలక్ వాయించినవాడు. ఆమె కోపపడలేదు. "అయ్యగారండీ, మా ఆయన పడ్డనాడు ఆ దూతలు ఎక్కడికి పోయారండీ?" అని మాత్రము అడిగెను.

"ప్రార్థన చేద్దామమ్మా" అంటిని. జవాబు లేనప్పుడు మేము చెప్పు మాట అదియే. సెమినరీలో దైవపాలనను గూర్చి చదివితిని, పరీక్ష వ్రాసితిని, మంచి మార్కులే వచ్చినవి. ఆ గుమ్మమునొద్ద వాటిలో ఒక్క ముక్కయు అక్కరకు రాలేదు.

ఆ రాత్రి లూకా సువార్త 13వ అధ్యాయము తీసితిని. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చిరి. వారు యెరూషలేములోని తక్కినవారికంటె పాపులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పెను. ఈ వాక్యముమీద నేను ఎన్నోసార్లు మాటలాడితిని. అయితే దానికి రెండవ ప్రక్క యున్నదని నాకు తోచలేదు. చచ్చినవారు ఎక్కువ పాపులు కానియెడల, బ్రతికినవారు ఎక్కువ ప్రియులును కారు గదా! మొదటి లెక్క తప్పైనప్పుడు రెండవ లెక్క ఎట్లు ఒప్పగును? నేను ఆ దినమున చేసినది ఈ రెండవ లెక్కయే. ఒకని బ్రతుకును కొనియాడబోయి మరియొకని సమాధిమీద తీర్పు వ్రాసితిని.

అట్లయిన కృతజ్ఞత చెల్లింపకూడదా? చెల్లింపవలెను. పదుగురు పస్తులుండగా నాకు అన్నము దొరికినయెడల, ఆ అన్నమునకు స్తోత్రము చెప్పుట పాపము కాదు. నేను నీతిమంతుడను గనుక దొరికినదనుటయే పాపము. స్తోత్రము వేరు, కారణము చెప్పుట వేరు. మన సాక్ష్యపు కూటములలో ఈ రెండును కలిసిపోవుచున్నవని నాకు భయముగానున్నది.

మరునాడు ఆ సహోదరుని ఇంటికి వెళ్లితిని. అతడు చెప్పినది ఇంకను నన్ను సిగ్గుపరచెను. "పడేటప్పుడు నాకు ప్రార్థన గుర్తు రాలేదు అయ్యగారూ. అమ్మా అని అరిచానంతే. మీరు నా విశ్వాసం అంటుంటే తల ఎత్తలేకపోయాను. ఆవిడ మొహం చూడలేక మూడు వారాల నుంచి ఆ వీధి గుండా నడవటం మానేశాను" అనెను. బ్రతికినవానికి ఇటువంటి భారముండునని నేను ఎరుగను. నా ప్రసంగము ఆ భారముమీద మరియొక రాయి పెట్టెను.

ఇక ఆ మోకు సంగతి. అది పాతదని అందరికిని తెలియును. క్రొత్తది కొనుమని కూలివారు అడిగిరట, ఈ ఒక్క వారము గడుపుడనెనట ఆసామి. పడిన తరువాత ఊరంతయు తలవ్రాత అనెను, మనము దేవుని చిత్తమంటిమి. త్రాడును గూర్చి ఎవరును మాటలాడలేదు. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చూడుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. పడినవాని తలవ్రాతను ధర్మశాస్త్రము అక్కడ విచారింపదు, ఇల్లు కట్టినవానిని విచారించును.

అమెరికా దేశములో శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమునొద్ద గోల్డెన్ గేట్ అను గొప్ప వంతెన ఉన్నది. 1933లో పని ఆరంభమై 1937లో ముగిసెను. పనివారు పడుదురని ముందుగానే తలంచి వంతెన క్రింద పొడవునను వల కట్టిరి. ఆ వలలో పడి 19 మంది బ్రతికిరి. వారు తమకు 'నరకమునకు సగము దారి వెళ్లినవారి సంఘము' అని వేడుకగా పేరు పెట్టుకొనిరి. అయితే 1937 ఫిబ్రవరి 17వ తేదీన బరువైన పరంజా ఊడిపడగా ఆ వలయే చినిగి, 12 మంది నీళ్లలో పడి 10 మంది చనిపోయిరి. ఆ 19 మంది ఈ 10 మందికంటె భక్తిపరులని ఎవడైనను చెప్పగలడా? వల నిలిచినచోట మనుష్యులు నిలిచిరి. ఆ వల కట్టవలెనన్న తలంపును దేవుడు పుట్టించెననిన నాకు అభ్యంతరము లేదు. కాని ఎవరో డబ్బు వెచ్చించి దానిని కట్టవలసివచ్చెను.

యిర్మీయాను బురదగోతిలోనుండి తీసినప్పుడును అంతే. కూషీయుడైన ఎబెద్మెలెకు 30 మంది మనుష్యులను వెంటబెట్టుకొని, త్రాడు కోసికొనకుండ ప్రవక్త చంకల క్రింద పెట్టుకొనుటకు చింకిపాతలు ఏరి తెచ్చెను. అన్యదేశస్థుడు! దూతలు వచ్చిరని అక్కడ వ్రాయబడలేదు, పాతబట్టలు మాత్రము వ్రాయబడినవి. నేనో, దూతలను పిలిచి, బావిలోనికి దిగిన పిల్లవాని పేరైనను ఎత్తలేదు. ఆ దినమున అతడు మా గుడి ప్రహరి బయట మోటారుసైకిలుమీద కూర్చుండి వినెనని తరువాత తెలిసికొంటిని.

తరువాతి నెల కూటములో ఆ సహోదరుడు తానే లేచి మాటలాడెను. "నేనెందుకు బ్రతికానో నాకు తెలియదు. ఫలానా అబ్బాయి దిగాడు, ఫలానా అక్క చీరలిచ్చింది, దేవునికి స్తోత్రం" అని కూర్చుండెను. నా ముప్పావుగంట ప్రసంగముకంటె అది మేలు.

డిసెంబరులో క్రిస్మసుకు ముందు గుడికి సున్నము వేయించితిమి. అతడు కర్ర ప్రక్కన పెట్టుకొని వేపచెట్టు క్రింద కూర్చుండి, పరంజాకు కట్టు ప్రతి త్రాటిని చేతితో తడిమి చూచెను. ఒక దానిని పనికిరాదని ప్రక్కకు విసరెను. సంఘపు పెట్టెలో డబ్బు తక్కువని నేను కొంచెము గొణిగితిని గాని క్రొత్తది తెప్పించితిని. పారవేసిన ఆ త్రాటిని ఆ తల్లి తీసికొని పోయి, మరియెవరును వాడకుండ కత్తిపీటతో ముక్కలు కోసి పొయ్యిలో పెట్టెను.