పిట్టను తినేవాడు పిట్టను కాపాడతాడా?

పోయినేడు ఎనిమిదో తరగతిలో పక్షుల సంరక్షణ గురించి చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచి అడిగాడు: “సార్, మా తాత ఉండేలుతో పిట్టల్ని కొట్టేవాడు. ఇంట్లో అందరం తిన్నాం. అయితే మా తాత చెడ్డోడా?”

తరగతి అంతా నవ్వింది. వాడు నవ్వలేదు. కాలం మారిందన్నాను, చట్టం వచ్చిందన్నాను, కూర్చోమన్నాను. నేను చెప్పిన రెండూ నిజమే. కానీ వాడు అడిగింది చట్టం గురించి కాదు, తాత గురించి. మా నాయన కూడా కొట్టేవాడు. నేనూ తిన్నాను. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

దానికి జవాబు వెతుక్కుంటూ చదివిన వాటిలో ఒక దీవి కథ నాకు బాగా పట్టుకుంది. అది మన దగ్గరిది కాదు. న్యూజిలాండ్ దేశపు దక్షిణపు కొస దాటి, సముద్రం అవతల రకియురా అనే పెద్ద దీవి ఉంది. ఇంగ్లీషువాళ్లు స్టూవర్ట్ దీవి అంటారు. దాని చుట్టూ చిన్న చిన్న దీవులు చాలా ఉన్నాయి. చలి, గాలి, వాన తప్ప అక్కడ ఏడాదంతా ఉండే మనుషులు లేరు. వాటిని టీటీ దీవులంటారు. టీటీ అంటే మసి రంగు సముద్రపు పిట్ట. నేలలో బొరియ తవ్వుకుని ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. పిల్లను పెంచి, చలికాలానికి ముందు పసిఫిక్ సముద్రాన్ని దాటి ఉత్తరానికి, జపాన్ వైపుకో కాలిఫోర్నియా వైపుకో పోతుంది. మళ్లీ తిరిగి ఆ దీవికే వస్తుంది. పోయి రావడం దాదాపు 64,000 కిలోమీటర్లు.

ఈ పిట్ట పిల్లల్ని రకియురా మావోరీలు తరతరాలుగా పట్టి తింటున్నారు. ఇప్పటికీ తింటున్నారు. ఏప్రిల్ 1 నుంచి మే 31 వరకే వేట. ఆ వంశాలవాళ్లకే ఆ హక్కు. మొదటి వారాల్లో పగటిపూట బొరియలోకి చెయ్యి పెట్టి పిల్లను తీస్తారు. తర్వాత పిల్లలు రెక్కలు విదిలించుకోవడానికి రాత్రుళ్లు బయటికి వస్తాయి, అప్పుడు దివిటీలతో పడతారు. పెద్ద పిట్టను ముట్టరు. లోపలికి చెయ్యి అందక పైనుంచి కన్నం పెడితే, ఆ కన్నాన్ని మళ్లీ మూసి రావాలి. లేకపోతే వాన నీళ్లు దిగి వచ్చే ఏడు ఆ బొరియ పాడవుతుంది. మాంసాన్ని దాని కొవ్వులోనే వేసి, సముద్రపు నాచు ఆకును సంచిలా చీల్చి అందులో దాచుకుంటారు. పైన చెట్టు బెరడు చుట్టి బుట్టలో పెడతారు. అలా నెలల తరబడి నిలవ ఉంటుంది.

మన కొత్తల పండగ గుర్తుకొస్తోందా? పండగ కాకముందు కొత్త పంట నోట పెట్టకూడదని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఈ పోలికను నేను ఎక్కువ లాగను. వాళ్ల సముద్రం వాళ్లది, మన కొండ మనది.

1864లో ప్రభుత్వం రకియురాను ఆరు వేల పౌండ్లకు కొనుక్కుంది. ఆ పత్రంలో మావోరీలు ఒక మాట రాయించుకున్నారు: టీటీ దీవులు మావి, అక్కడి వేట మాది అని. భూమి పోతున్న వేళ కూడా వాళ్లు పిట్టను వదులుకోలేదు. ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇక వాళ్లను దేవతలుగా చూపించాలని నాకు లేదు. 1960ల మొదట్లో టౌకిహేపా అనే పెద్ద టీటీ దీవిలోకి ఎలుకలు దిగాయి. ఒడ్డుకు కట్టిన పడవల తాళ్ల మీదుగా వచ్చాయని అనుకుంటారు. వేటకు వచ్చిపోయే పడవలే కావచ్చు. అప్పటిదాకా ఆ దీవిలో ఎలుక అన్నదే లేదు, కాబట్టి అక్కడి పిట్టలకు ఎలుకంటే భయం లేదు. 1964లో వేటకు పోయిన మావోరీలే మొదట గుర్తుపట్టారు. గుడిసెల్లో, అడవిలో ఎక్కడ చూసినా ఎలుకలని ప్రభుత్వానికి చెప్పారు. కొందరు పెద్ద శాస్త్రవేత్తలు అంత ప్రమాదమేమీ ఉండదన్నారు. ఎలుకలు పిట్టల్ని తుడిచిపెడతాయనడానికి రుజువు చాలదన్నారు. ఆ వాదనలో నెలలు గడిచిపోయాయి.

ఆఖరికి వన్యప్రాణి శాఖ వాళ్లు అక్కడికి పోయేసరికి చాలా ఆలస్యమైంది. ఒక ఉల్లంకి జాతి పిట్ట, బుష్ రెన్ అనే బుల్లి పిట్ట, ఒక పెద్ద గబ్బిలం, ఈ మూడు జాతులూ లోకంలోంచే పోయాయి. ఉల్లంకి పిట్టల్ని పట్టి కాపాడబోతే రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోయాయి. రెన్‌లను ఆరింటిని పక్క దీవికి మార్చారు, కొన్నేళ్లకు అవీ లేకుండా పోయాయి. టియేకే అనే నల్ల పిట్ట ఒక్కటే దక్కింది. వీపు మీద జీను వేసినట్టు గోధుమ రంగు ఉంటుంది దానికి. 36 పిట్టల్ని పట్టి ఎలుకలు లేని దీవులకు తరలించారు. దక్షిణ దీవి టియేకే జాతిలో ఈ రోజు బతికున్న ప్రతి పిట్టా ఆ 36 పిట్టల సంతానమే.

ఇందులో తప్పు ఎవరిది? ఎలుక వాళ్ల పడవలోనే వచ్చి ఉండొచ్చు. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత కట్టుబాటు ఉన్నా, తాడు మీద పాకుతున్న ఎలుకను అవి ఆపలేవు. పాత కట్టుబాట్లన్నీ పాత ప్రమాదాల కోసం పెట్టుకున్నవి. “మా పూర్వీకులు ప్రకృతితో కలిసి బతికారు” అని మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ మాట అనేముందు నేనిప్పుడు టౌకిహేపాను తలచుకుంటాను. అలాగే చదువుకున్నవాళ్లకే అన్నీ తెలుసనేవాళ్లు ఎదురైనప్పుడూ దాన్నే తలచుకుంటాను. ఎలుకను చూసినవాళ్లు ఒకరు, రుజువు అడిగినవాళ్లు ఇంకొకరు. ఆ ఇద్దరి మధ్య కుదరని మాటలో మూడు జాతులు పోయాయి.

ముప్పై ఏళ్ల తర్వాత, 1994లో, ఆ ఇద్దరూ కలిసి కూర్చున్నారు. ఒటాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, రకియురా మావోరీలు కలిసి టీటీ మీద పరిశోధన మొదలుపెట్టారు. ముందుగా ఒక ఒప్పందం రాసుకున్నారు. పెద్దలు చెప్పే జ్ఞానం పెద్దలదే, శాస్త్రవేత్తలది కాదు. తేలిన సంగతి మొదట ఆ కుటుంబాలకే తెలియాలి. ‘టీటీ టైమ్స్’ పేరుతో ఒక చిన్న పత్రిక వేసి ఎప్పటికప్పుడు వాళ్లకు పంపేవారు. మన గూడేలకు వచ్చి పాటలు, మందుల పేర్లు, పురాణాలు రాసుకుపోయినవాళ్లు ఎంతమంది మళ్లీ వచ్చి పుస్తకం చేతికిచ్చారు? టీచర్లు ఒకసారి ఊళ్లో అడిగి చూడండి.

ఆ పరిశోధనలో ఒక వేటగాడు రాసుకున్న డైరీ బయటికి వచ్చింది. ఏ రాత్రి ఎన్ని పట్టాడు, పిల్లలు ఎంత బలంగా ఉన్నాయి అని సుమారు ఇరవై ఏళ్ల లెక్కలు అందులో ఉన్నాయి. శాస్త్రవేత్తలు వాటిని వాతావరణం లెక్కలతో పోల్చి చూశారు. ఎల్ నినో రావడానికి ముందే టీటీ పిల్లల దిగుబడిలో తేడా కనబడుతోందని తేలింది. ఆయన రాసుకున్నది తన కుండ కోసం. కానీ ఆ పుటల్లో పసిఫిక్ సముద్రం ఉంది.

అయితే గట్టి ప్రశ్న ఇంకా ఉంది. టీటీలు తగ్గుతున్నాయి. మరి వేట ఆపాలి కదా? స్నేర్స్ అనే దీవుల్లో ఎవరూ వేటాడరు. అక్కడ కూడా 1970 ప్రాంతానికీ 2000 ప్రాంతానికీ మధ్య బొరియలు మూడో వంతుకు పైగా తగ్గాయి. అంటే అన్నింటికీ కారణం బొరియలో పెట్టిన చెయ్యి కాదు. ఉత్తర పసిఫిక్‌లో చేపల కోసం వేలాడదీసిన వలల్లో, అవి నిషేధించేలోపు, ఈ పిట్టలు లక్షల్లో చచ్చాయి. సముద్రమూ మారుతోంది. కానీ “మేం కాదు” అని చెప్పడానికి ఈ లెక్క సరిపోతుందా? సరిపోదనే నా ఉద్దేశం. వల వేసినవాడు చంపినా, నూనె ఒలకబోసినవాడు చంపినా, మిగిలిన పిట్టల్లోంచే నేను తినాలి కదా. లోకం తగ్గించిన చోట నా వాటా కూడా తగ్గాలి. ఇది అన్యాయమే. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటే దీవి మీద ఉన్నవాడు ఎందుకు మానుకోవాలి? కానీ మానుకోగలిగేది కూడా వాడొక్కడే. వాడికి రేపు ఉంది, వాడి మనవడికి ఏప్రిల్ ఉంది. వల వేసినవాడికి ఆ పిట్ట పేరు కూడా తెలియదు.

ఒక్కోసారి లోకం కొంత తిరిగి ఇస్తుంది కూడా. 1998లో కాలిఫోర్నియా దగ్గర ఒక ఓడ నుంచి చమురు ఒలికి పిట్టలు చచ్చాయి. ఆ పరిహారం డబ్బుతోనే 2006లో టౌకిహేపాలో, పక్క దీవుల్లో ఎలుకల్ని నిర్మూలించారు.

మన సంగతికొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం వేటను మన హక్కుల్లో చేర్చలేదు. దాని కోసం నేను పోట్లాడను. మన కొండల్లో ఇప్పుడు వేటాడేంత ఏమీ మిగల్లేదని మీకూ తెలుసు. కానీ అదే చట్టం అడవిని కాపాడుకునే హక్కును మనకిచ్చింది, ఆ పని గ్రామసభకు అప్పగించింది. ఏమున్నాయో తెలియనిదాన్ని ఏం కాపాడతాం? లెక్క ఎవరి దగ్గరుంది? ఉండేలు పట్టిన తాతల దగ్గరుంది. ఏ చెట్టు మీద ఏ నెలలో ఏది వాలుతుందో, ఏది గుడ్ల మీద ఉంటే కొట్టకూడదో వాళ్లకు తెలుసు. తినడం కోసమే తెలుసుకున్నారు, ఒప్పుకుందాం. అయినా తెలుసు.

ఆ పిల్లవాడిని మళ్లీ పిలిచి, మీ తాతనడిగి పిట్టల పేర్లు మన భాషలోనే రాసుకురమ్మన్నాను. ఆదివారం పోయి, సోమవారం నోటుబుక్కు తెచ్చాడు. నలభై మూడు పేర్లు. సగం నాకే తెలియవు. అయిదింటి పక్కన చిన్న చుక్క పెట్టాడు. ఏమిట్రా అంటే, ఈ మధ్య ఇవి కనబడటం లేదని తాత చెప్పాడన్నాడు. ఎప్పటి నుంచో అడిగి రావడానికి వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాడు. ఈసారి నేనూ వెళ్తున్నాను.