ఆయుధముపై తల్లిపేరు

1945 ఆగస్టు 5వ తేదీని, పసిఫిక్ సముద్రమందలి టినియన్ ద్వీపమున, మరునాటి ప్రయాణమునకు సిద్ధమగుచున్న బి-29 బాంబరు ముఖముపై దాని నాయకుడైన పాల్ టిబ్బెట్స్ తన తల్లిపేరును పెద్ద అక్షరములతో వ్రాయించెను. తాను వైమానికుడగుటకు తండ్రి సమ్మతింపకున్నను, తల్లి మాత్రము నీకేమియు కాదని ధైర్యము చెప్పినదట. ఎనోలా గే అను ఆమె నామధేయమును ధరించియే ఆ విమానము 6వ తేదీ ఉదయమున హిరోషిమాపై అణుబాంబును విడిచెను.

ఆ యుద్ధమున ఇట్టి వ్రాతలును, చిత్తరువులును వేలకొలది గలవు. మెంఫిస్ బెల్ అను విమానము నాయకుని ప్రేయసిని తలపించుటకై ఆ పేరు పొందినది. మరికొన్నింటిపై అర్ధనగ్నసుందరులు వెలసిరి. రేపు తిరిగివచ్చుట నిశ్చయము కాని యువకుడు తానెక్కిన లోహయంత్రమునకు ప్రియమైన పేరొకటి పెట్టుకొనుటలో నేను దోషమెంచను. నందిగామ మీదుగా హైదరాబాదునకు పోవు లారీల నొసట, బంపరునకు వ్రేలాడు నిమ్మకాయ మిరపకాయల దండకు పైన, ‘అమ్మ దీవెన’ అను అక్షరములు చూచి నవ్వగలవాడెవడు? దసరానాడు ఆయుధపూజ చేయు మనకు, అర్జునుని ధ్వజమున హనుమంతుని నిలుపుకొన్న మనకు, ఆయుధముపై ఆరాధ్యరూపముండుట వింతయును కాదు.

అయినను ధ్వజము వేరు. అది శత్రువు కంటబడుటకే ఎత్తబడినది. ఎదుట నిలిచినవాడు తన పైకి వచ్చుచున్నది ఎవరో ఎరుగును. ఆ ధ్వజము క్రిందనే అర్జునుడు విల్లు జారవిడిచి, వీరిని చంపి నేను పొందు శ్రేయస్సేమని ప్రశ్నించెను. దాదాపు 31,000 అడుగుల యెత్తున సాగిన విమానముపై పేరును హిరోషిమాలో ఎవరు చదువగలరు? 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినపుడు, వానిని నడిపినవారు ఎవరిని తలచుకొని బయలుదేరిరో క్రింద నున్న మనవారికి తెలియదు. విమానముపై వ్రాసిన పేరు లోనివారికి అభయము. క్రిందివారికి అది లేనేలేదు.

తల్లిపేరును వ్రాయించిన కొడుకు మన జగ్గయ్యపేటలోను ఒకడు గలడు. 1882లో పురావస్తుశాస్త్రజ్ఞుడగు బర్జెస్ దొర త్రవ్వించిన ధనబోడు బౌద్ధస్తూపమున, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి తన తల్లి నాగిలనిని ముందుంచుకొని, ఆలుబిడ్డలను బంధువులను వెంట చేర్చుకొని, తూర్పు ద్వారమున, స్తూపపు అరుగుపై నిలుపు ఆయకస్తంభములను 5 నిలిపి, ఇవి సర్వసత్త్వముల హితసుఖములకై అని చెక్కించెను.

ఇరువురు కుమారుల మాతృభక్తిలో తారతమ్యమెంచ నెవరికిని అధికారము లేదు. కాని తల్లిపేరును ఒక వస్తువుపై నిలుపుట, ఆ వస్తువు ఫలమున ఆమెకు భాగము నొసగుటయే. నాగిలనికి ముక్కుమొగ మెరుగని ప్రాణుల సుఖమున భాగము దక్కినది. ఎనోలా గేకు, ఆమె అనుమతి యడుగకయే, ఒక నగరముయొక్క మరణమున భాగ మంటగట్టబడినది. ఒకరి కర్మము మరియొకరికి సంక్రమింపదను సిద్ధాంతముచే ఆ తల్లి నిర్దోషి. అందుచేతనే ఆ వ్రాత, చనిపోయిన వారిమాట యటుంచినను, మొట్టమొదట తల్లికే అపచారమని నా నిశ్చితాభిప్రాయము.

జగ్గయ్యపేట ఉపాధ్యాయులు పిల్లలను ధనబోడునకు తీసికొనిపోయినపుడు, రాజు పేరుతోపాటు నాగిలని పేరును కూడ వారికి చెప్పవలెనని నా ప్రార్థన.