మీరేమిట్లు?

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుద్దని మా వైపు అంటారు. తొమ్మిదేళ్ళ పంతులుద్యోగంలో నేను నా కుటుంబాన్ని అయిదిళ్ళు తిప్పాను. ఇంకో రెండు తిప్పితే పిల్లితో సమానం. కాకపోతే పిల్లికి నాకు లేని సుఖం ఒకటుంది. అది అటకెక్కబోతుంటే ఎవరూ అడ్డం నిలబడి “మీరేమిట్లు?” అని అడగరు.

మా సామాను ఒక ట్రాలీ ఆటోకి సరిపోద్ది. రెండు మంచాలు, గ్యాసుబండ, బియ్యం డ్రమ్ము, నా బి.ఇడి. పుస్తకాలు, అంబేడ్కర్ పటం, అమ్మ ట్రంకుపెట్టె. పెట్టెలో అట్టలూడిన బైబిలు, దాని కింద పాత లుంగీలో చుట్టిన నాన్న ఆరె, రంపె. నాన్న పోయి పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. ఆ డిగ్రీని కుట్టింది ఈ ఆరే. ఇల్లు మారినప్పుడల్లా అమ్మ ఆ పెట్టెని ఆటోలో పెట్టనివ్వదు, వొళ్ళో పెట్టుకుని కూచుంటది.

ఇల్లు వెతకడమంటే నాకు డియస్సీ కంటే కష్టం. డియస్సీకి సిలబస్సన్నా వుంది. “ఏం చేస్తుంటారు?” అన్నది మొదటి ప్రశ్న. “గవర్నమెంటు టీచర్నండీ” అనగానే ఇంటాయన మొహం విప్పారుద్ది. కుర్చీ వస్తది, మంచినీళ్ళొస్తాయి. తర్వాత “సొంతూరేది?”, “ఇంటిపేరేంది?”. మా ఇంటిపేరు నాలుగు కులాల్లో వుంది. అక్కడ ఆయన తికమకపడతాడు. “నీసు తింటారా?” అని పక్కదారి పడతాడు. కోడి తింటామంటే ఒక లెక్క, ఇంకోటేదో తింటామంటే ఇంకో లెక్క. అదీ తేలకపోతే ఇక ముసుగు తీసేసి “ఏమనుకోమాకండి మాస్టారూ, మీరేమిట్లు?” అంటాడు.

చెప్పామా, వాళ్ళమ్మాయి అమెరికా నుంచి వచ్చేస్తది. అప్పటికప్పుడు, ఆ గదుల్లోకే. ఏడాది తర్వాత ఆ వీధిన పోతే టులెట్ బోర్డు అట్నే వేలాడతా వుంటది. అమ్మాయి ఇంకా విమానం దిగలేదన్నమాట. చట్టం వుంది గదా అని మీరంటారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, నేనే పిల్లలకి పాఠం చెబుతాను. మరి రాని అమ్మాయి మీద ఏ సెక్షను పెట్టమంటారు?

ఇంతకీ మేమేమిట్లం? ఇది మాకే చిక్కు ప్రశ్న. 1878 జులైలో, ధాతుకరువు రోజుల్లో, ఒంగోలు బాప్టిస్టు మిషను వాళ్ళు ఒక్కరోజునే రెండువేల రెండొందల ఇరవైరెండు మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగలే. మా తాత తాత ఆరోజు మునిగిన వాళ్ళల్లో వున్నాడని అమ్మ చెబుతది. అందుకే ఇంట్లో నన్ను దానియేలంటారు. బళ్ళో మాత్రం వేరే పేరు, సర్టిఫికెట్టులో హిందూ మాదిగ. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులం అన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. మా రాష్ట్రంలో వాడు బి.సి.-సి, ఒక్క శాతం. గుండ్లకమ్మలో మునిగితే కులం కొట్టుకుపోద్దని ఢిల్లీవాళ్ళకి నమ్మకం. మా వూరి పెద్దకాపుకి ఆ నమ్మకం ఎప్పుడూ లేదు. నాకు బాప్తిస్మం లేదు. నాన్నే ఇప్పించలేదు. నేను గుడికీ పోను, చర్చికీ సరిగా పోను. అమ్మ నవ్వి, “మీ సర్కారు నన్ను నమ్మదు, నా దేవుడు నిన్ను నమ్మడు, మనిద్దరికీ ఇల్లెవుడిస్తాడ్రా” అంటది.

మూడో ఇంటి సంగతి చెప్పాలి. అప్పటికి తొమ్మిది టులెట్ బోర్డులు చూసి వున్నాం. పాప చంకలో వుంది. తోటి టీచరొకాయన, మంచోడే, “ఏదో ఒకటి చెప్పెయ్యవయ్యా, వాళ్ళేమన్నా సర్టిఫికెట్టు అడుగుతారా?” అన్నాడు. చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, ఆ కులమోళ్ళకి లేనిపోని గౌరవమెందుకు. తలుపు మీద వెంకటేశ్వరస్వామి వచ్చాడు. అంబేడ్కర్ బీరువా వెనక్కి పోయాడు. బైబిలు బియ్యం డ్రమ్ములోకి పోయింది. ఆదివారం పూట అమ్మ, “మోకాళ్ళ నొప్పికి ఆస్పత్రి” అని ఇంటావిడకి చెప్పి రెండు మైళ్ళవతల చర్చికి పోయేది. నడిచే పోయేది. ఇంటావిడ, “ఇన్ని ఆదివారాలు తిరిగినా తగ్గలేదే, డాక్టర్ని మార్చండి పిన్నిగారూ” అనేది. మేం లోపలికొచ్చి పడీపడీ నవ్వుకునేవాళ్ళం. నిజం, ఆ ఎనిమిది నెలలూ మేం బాగా నవ్వుకున్నాం.

ఇది తప్పా? అప్పట్లో రాత్రిళ్ళు ఇదే ఆలోచన. పొద్దున బళ్ళో సత్యహరిశ్చంద్రుడి పాఠం, సాయంత్రం ఇంట్లో నాటకం. నాకు ధైర్యమిచ్చింది బాబాసాహెబే. కొలంబియాలో చదువుకొచ్చి, తనని చదివించిన బరోడా సంస్థానంలో కొలువుకి 1917లో పోతే ఆయనకి వుండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. హిందూ మిత్రుణ్ణి అడిగాడు, క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరిళ్ళల్లోనూ చోటు లేదు. బొంబాయి బండి వచ్చేదాకా తోటలో కూచున్నాడు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ఆయనే రాశాడు. అంతటాయన మారుపేరు రాస్తే నాదెంత అనుకున్నాను.

ఇంకా ఆలోచిస్తే ఇట్లా తోచింది. నిజం ఒక బాకీ లాంటిది. బాకీ వున్నోడికే కట్టాలి. అద్దె తేదీకి ఇస్తానా, గోడకి మేకులు కొట్టనా అని అడిగితే అది ఇంటాయనకి నేను బాకీపడ్డ నిజం. నా కులం ఆయన తెలుసుకోడానికి అడగటంలేదు, వెళ్ళగొట్టడానికి అడుగుతున్నాడు. దొంగ వచ్చి బీరువా తాళమెక్కడని అడిగితే చెప్పకపోవడం అబద్ధమా? కాదు. లెక్క సరిపోయింది. నిద్ర పట్టింది.

ఆ లెక్క ఒక మంగళవారం పొద్దున తప్పింది. ఆ వీధిలో చెత్తబండి తోసే ఆమె ఎండకి తాళలేక మంచినీళ్ళడిగింది. ఇంటావిడ చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసింది. నీళ్ళు సగం మెట్ల మీద పడ్డాయి. “ఈ జాతికి శుభ్రం ఎన్నేళ్ళొచ్చినా రాదు, ఏమంటారు పిన్నిగారూ?” అన్నది అమ్మవైపు తిరిగి. అమ్మ, “అంతేనమ్మా” అన్నది. నేను బూట్లు వేసుకుంటా వున్నాను. ఇంటావిడ నావైపు చూసింది. నేను నవ్వాను.

చెత్తబండి ఆమె ప్రతి ఆదివారం చర్చిలో అమ్మ పక్క చాపమీద కూచునే మనిషి. అమ్మని “వదినా” అని పిలిచే మనిషి. తలెత్తి అమ్మని చూసింది, ఎవరో తెలియనట్టు తల దించుకుని బండి తోసుకుంటా పోయింది. మా అబద్ధాన్ని ఆమె కూడా మోసింది.

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. “పేతురన్నా రాత్రిపూట భయపడి అన్నాడ్రా. నేను పట్టపగలన్నాను” అన్నది. మీకు తెలుసుగదా, ఏసును పట్టుకుపోయిన రాత్రి పేతురు ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లన్నాడు, కోడి కూసింది, బయటికెళ్ళి ఏడ్చాడు. పేతురు తనని దాచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. దాచుకోడానికి ఇంకో మనిషిని కాదన్నాడు. దాక్కోవడం వేరు, కాదనడం వేరు. నా లెక్కలో నేనూ ఇంటాయనా ఇద్దరమే వున్నాం, మూడో మనిషి లేదు. ఆ ఇంట్లో వుండాలంటే కులం పేరొక్కటే మారిస్తే చాలదు. వాళ్ళు నవ్విన చోట నవ్వాలి. అద్దెతో పాటు అది కూడా నెలనెలా కట్టాలి. అది కట్టేది మాత్రం నా జేబులోంచి కాదు, చెత్తబండి ఆమె దగ్గర్నుంచి.

బాబాసాహెబు పార్శీ పేరు రాశాడేగానీ ఎవరినీ చూసి నవ్వలేదు. నేను ఆయన్ని సగమే చదివి ధైర్యం తెచ్చుకున్నాను.

నెల తిరక్కుండా ఖాళీ చేశాం. ఇంటావిడ కన్నీళ్ళు పెట్టుకుంది, “మీలాంటోళ్ళు మళ్ళీ దొరకరు” అని. ఆమెకి చెప్పి పోదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అడ్వాన్సు ఇంకా ఆమె చేతిలోనే వుంది. ఇది కూడా రాయాలి గదా.

తర్వాత నుంచి అడక్కముందే చెబుతున్నాను. దీనివల్ల కాళ్ళ నొప్పులు బాగా పెరిగాయి, ఈసారి నిజం నొప్పులే. ఇప్పుడున్న ఇల్లు పదిహేనోది చూస్తే దొరికింది. ఇంటాయన రిటైరైన బస్సు కండక్టరు. “అద్దె అయిదోతారీకు, మోటారు పొద్దున ఒక గంట” అన్నాడు, అంతే. వానొస్తే వంటగది కారుద్ది. అంబేడ్కర్ ముందుగదిలో వున్నాడు. చెత్తబండి ఆమె మొన్న పండగకి వచ్చి మంచమ్మీద కూచుని టీ తాగిపోయింది. అమ్మ క్షమించమని అడగబోతే, “వూరుకో వదినా, నాకూ పిల్లలున్నారు, నాకు తెలవదా” అన్నది.

చదువుకుంటున్న మా పిల్లలు పట్నంలో గదులు వెతుక్కుంటా నన్నడుగుతుంటారు, చెప్పాలా వద్దా మాస్టారూ అని. చంటిపిల్లతో వీధిలో నిలబడ్డోణ్ణి నిజం చెప్పు అని బెదిరించే హక్కు నాకు లేదు. దాక్కోవాల్సొస్తే దాక్కోండి. కానీ మనవాళ్ళని చూసి నవ్వమని అడిగిన రోజు మాత్రం సామాను సర్దుకోండి. ట్రాలీ ఆటో నంబరు నా దగ్గరుంది.

మా పక్కింటోళ్ళకి ఒక కోడిపుంజు వుంది. తెల్లారుజామున నాలుక్కే కూత పెడుతుంది. అమ్మ లేచి కూచుని, “లేస్తన్నాలేరా నాయనా, ఇప్పుడు నేనేమన్లేదుగా” అంటది దాంతో.