రాత్రి లింగార్చన: కోరికయా, అర్పణమా?

పగలు మనస్సు పనికి కట్టువడి యుండును. పొలమున నాగలి, అంగడిలో త్రాసు, బడిలో పాఠము, ఇంటిలో పొయ్యి, ఏదో యొకటి దానిని పట్టి యుంచును. రాత్రి దీపమార్పి తల దిండుపై నుంచగానే ఆ కట్టు తెగును. ఇయ్యవలసిన అప్పు, ఎవరో యన్న మాట, కుమార్తె పెండ్లి, రేపటి బస్సు, పదేండ్ల క్రిందటి అవమానము ఒకదాని వెనుక నొకటి వచ్చి మంచము చుట్టు తిరుగ నారంభించును. దేహము పడుకొనియే యుండును. మనస్సు మాత్రము సంతకు బయలుదేరును.

దీనికి మందుగా నేడు పెక్కు మాటలు వినబడుచున్నవి. పడకగదికి ఏ రంగు వేయవలెను, ఏ సంగీతము వినవలెను, ఊపిరి ఎట్లు తీయవలెను అని పత్రికలును, టీవీలును, సెల్‌ఫోనులును ఉపదేశించుచున్నవి. వానిలో మంచి లేకపోలేదు. అయినను వీరశైవుని ఇంట ఈ ప్రశ్నకు మరియొక ముఖము కలదు. మన పెద్దలు రాత్రి కాళ్లు చేతులు కడుగుకొని, విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని కొంతసేపు తదేకముగా చూచి, మరల ధరించి పడుకొనెడివారు. కొన్ని ఇండ్లలో నేటికిని ఈ యాచారము నిలిచి యున్నది. అట్టి ఇంటివాడైన యొక బట్టల వ్యాపారి నన్నిట్లడిగెను: "పంతులుగారూ, లింగపూజ చేసుకొని పడుకున్న రోజు నాకు ఇట్టే నిద్ర పడుతుంది. చేయని రోజు రెండు గంటల దాకా దొర్లుతూనే ఉంటాను. అందుకని నిద్ర కోసమే చేస్తున్నాను. ఇది భక్తి అంటారా, మాత్ర మింగటం అంటారా?"

అది పరిహాసమునకు అడిగిన ప్రశ్న కాదు. లింగమును నిద్రమాత్రగా వాడుకొనుచున్నానేమో యను శంక అతనిని నిజముగా బాధించుచుండెను. ఈ శంక తేలికైనదియు కాదు. పంట కొరకు, పుత్రుని కొరకు, పదవి కొరకు చేయు పూజను శరణులు మెచ్చలేదు. ఇంత ఇచ్చితిని, ఇంత ఇమ్మనుట అంగడికి చెల్లును గాని లింగము నెదుట చెల్లదు. ఆ లెక్కన నిద్ర కొరకు చేయు పూజయు బేరమే కావలెను. అట్లని మానివేయుమని చెప్పుదమా? పూజయు పోవును, నిద్రయు పోవును. ఆ సలహా ఎవరికిని మేలు చేయునది కాదు.

ఇచ్చట అష్టావరణములలో నొకటైన ప్రసాదమును తలచుకొనవలెను. నియమము గల లింగవంతుడు అన్నమును లింగమున కర్పింపక భుజింపడు. అర్పించిన పిదప ఆ యన్నమే ప్రసాదమై అతని చేతికి వచ్చును. అన్నములో మార్పేమియు లేదు. రుచి యదియే, ఆకలి తీరుటయు అట్లే. మారినది అన్నమునకును తనకును గల సంబంధము. 'నేను సంపాదించినది' అనుకొన్నది 'నా కియ్యబడినది' అయ్యెను. షట్‌స్థలములలో మూడవదైన ప్రసాదిస్థలమున నిలిచినవాడు అన్నపానములనే కాక చూచునది, వినునది, తాకునది యన్నిటిని అర్పించియే స్వీకరించును. అట్లయినచో నిద్ర యొక్కటియే ఏల వెలి కావలెను? జీవితములో ఇంచుమించు మూడవ వంతు నిద్రలో గడచుచున్నది. అరువది యేండ్లు బ్రతికినవాడు ఇరువది యేండ్లు నిద్రించినట్లే గదా. అంత భాగమును అర్పణమునకు వెలుపల నుంచుట ఏ నియమము?

కావున నిద్రకును లింగార్చనకును సంబంధము కల్పించుట తప్పు కాదు. ఆ సంబంధము ఎట్టిదనునదే ప్రశ్న. "స్వామీ, నిద్ర యిమ్ము" అనునది కోరిక. "ఈ దినము నీది, ఈ దేహము నీది, నిద్రింపజేసినను, మేల్కొలిపి యుంచినను నీ యిష్టము" అనునది అర్పణము. పెదవులకు రెండును సులభములే. మరి తన లోపల నున్నది ఏదో తెలియుట యెట్లు? నాకు తోచిన పరీక్ష యొక్కటే. పూజ చేసియు నిద్ర పట్టని రాత్రి ఏమగుచున్నది? "ఇంత చేసినను ఫలము లేదే" యని విసుగు పుట్టినచో అది బేరమే. సరకు అందలేదని కొనుగోలుదారుడు అలిగినాడు. మెలకువగానే యుండి, ఎదపై లింగమున్నదను ఎరుకతో విసుగు లేక పడుకొనగలిగినచో అది అర్పణము. ఇందొక వింత కలదు. నిద్రను తరుమువానికి అది చిక్కదు. "గంట రెండైనది, ఇంకను పట్టలేదే" యని గడియారము చూచుకొలదిని మెలకువ హెచ్చును. రాకున్నను సరేయని విడిచినవానిని అది తానే వెదకికొని వచ్చును. దీనికి భక్తియు అక్కరలేదు. నాస్తికునకును ఇది అనుభవములోని సంగతియే.

ఇంతవరకు మంచము నొద్ద జరుగునది చెప్పితిని. మంచము దాక మనము మోసికొని వచ్చునదేమో చూడవలసి యున్నది. ఇందులకు ఆయ్దక్కి లక్కమ్మ కథను మించిన ఆధారము నాకు కనబడదు. కన్నడమున ఆయుట యనగా ఏరుట, అక్కి యనగా బియ్యము. కల్యాణములో, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణములో, రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట లక్కమ్మ భర్తయైన మారయ్య చేసిన కాయకము. ఆ బియ్యముతోనే వారి బ్రతుకు, వారి జంగమ దాసోహము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యెక్కువ మనకేల, ఈ యాశ ఎక్కడనుండి వచ్చినదని నిలదీసి, ఎక్కువైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

ఈ కథను మనము పేదరికపు గొప్పతనము చెప్పుటకు తరచుగా వాడుచుందుము. అది చాలదని నా యభిప్రాయము. మారయ్య దొంగిలింపలేదు. నేలపై రాలిన గింజలనే, పగలే, అందరు చూచుచుండగనే ఏరెను. చట్టము దృష్టిలో తప్పేమియు లేదు. అయినను ఆ పిడికెడు బియ్యము ఇంటిలో నున్నచో ఆ రాత్రి ఏమి జరిగెడిదో లక్కమ్మ యెరుగును. రేపు ఇంకొంత యెక్కువ తేవచ్చుననియు, ఎల్లుండికి దాచవచ్చుననియు, దాచినదానిని ఎవరైన చూతురేమో యనియు మనస్సు లెక్కలు వేయ నారంభించును. అట్టి ఇంట నిద్ర ఎక్కడిది? ఆమె త్రిప్పి పంపినది బియ్యమును మాత్రమే కాదు, ఆ లెక్కలను కూడ.

మన మంచముల చుట్టు తిరుగునది చాలవరకు ఇట్టి మిగులు బియ్యమే. అది ధనమే కానక్కరలేదు. పంచాయితీలో గెలిచిన మాట మిగులు. కోడలిని నలుగురిలో అనిన మాట మిగులు. కూలివానికి రేపిత్తునని ఆపిన పది రూపాయలు మిగులు. సరిగా దిద్దక మార్కులు వేసిన జవాబుపత్రము మా వృత్తిలో మిగులు. ఇవి దీపమారిన వెంటనే లేచి కూర్చుండును.

ఇచ్చటనే నేటి ఉపదేశములతో నాకు పేచీ. మనస్సు చేయు రొద యంతయు రోగమే యన్నట్లును, దానిని ఎట్లో యొకట్లు అణచినచో చాలునన్నట్లును అవి చెప్పుచున్నవి. రొదలో రెండు విధములున్నవి. ఒకటి ధూళి: సినిమా పాట, పొరుగువాని కొత్త కారు, జరుగని ప్రమాదమును గూర్చిన భయము. దీనిని దులిపివేయవచ్చును, నిదానముగా ఊపిరి తీయుటయు, పంచాక్షరియు దీనికి చాలును. రెండవది ఋణము. కూలి ఆపినవానికి రాత్రి ఆ కూలివాని ముఖము కనబడుచున్నచో అతని మనస్సు జబ్బుపడలేదు, సరిగా పనిచేయుచున్నది. అప్పులవాడు తలుపు తట్టుచుండగా చెవులలో దూది పెట్టుకొనుట శాంతి యెట్లగును? ఆ తట్టుడును లింగార్చనతో అణగద్రొక్కజూచువాడు లింగమును తన యప్పునకు అడ్డు పెట్టుచున్నాడు. నిద్రమాత్రగా వాడుటకంటె ఇది యెక్కువ తప్పని నేననుకొందును. వ్యాపారి శంకకు ఉత్తరము వెదకగా నాకు దొరికినది ఇది. పూజ చేసి నిద్రించుట దోషము కాదు. తీర్పవలసినదానిని తీర్పకుండుటకు పూజను సాధనముగా చేసికొనుట దోషము.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమున కధికారి. జంగమారాధనకు రాజధనమును వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పగా, లెక్క చూడగా ధనము సరిగానే యుండెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. దీనిని మహిమగా చదువువారు చదువుదురు గాక. ఏ క్షణమున అడిగినను లెక్క చూపగల భాండాగారికుని కథగా కూడ దీనిని చదువవచ్చును. రాత్రి మనస్సు అడుగునదియు లెక్కయే గదా.

అందువలన నేను చెప్పు క్రమములో మొదటిది పూజ కాదు, కాగితము. రాత్రి భోజనమైన పిదప, పడకకు చాల ముందుగానే, ఒక చిన్న పుస్తకములో రేపు చేయవలసినవియు, తీర్పవలసినవియు వ్రాయవలెను. ఎవరికి క్షమాపణ చెప్పవలెను, ఎవరి సొమ్ము ఇయ్యవలెను అనునది పేరుతో సహా వ్రాయవలెను. పడుకొనబోవు ముందు ఐదు నిమిషములు రేపటి పనులను వ్రాసినవారికి, చేసిన పనులను వ్రాసినవారి కంటె త్వరగా నిద్ర పట్టినదని 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన యొకటి తెలిపినది. వ్రాసినది మరునాడు తీర్పకున్నచో ఆ పుస్తకము వ్యర్థమని వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత గది. మన దేహములో దినచక్రము ననుసరించి నడచు గడియారమొకటి కలదు. అది కణములలో ఎట్లు పనిచేయునో తెలిపినందులకే హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. రాత్రి కన్నులపై వెలుగు పడుచున్నచో నిద్రకు తోడ్పడు మెలటోనిన్ తగ్గి, ఈ గడియారము వెనుకబడును. కావున సెల్‌ఫోను పడకగది వెలుపల నుండవలెను. లింగమును ఒక చేతను, సెల్‌ఫోనును ఒక చేతను పట్టుకొన్న భక్తులను చూచుచున్నాము. రెంటిలో ఏది గెలుచునో చెప్పనేల? సాయంకాలపు టీ కూడ తగదు. అందులోని కెఫీన్ సగమునకు తగ్గుటకే సుమారు 5 గంటలు పట్టును. మన జాతరలలో అర్ధరాత్రి దాటువరకు మ్రోగు మైకులను గూర్చియు మఠముల వారు ఆలోచించినచో ఊరంతయు నమస్కరించును.

అర్చన మంచముపై చేయరాదు. చాపయో, పీటయో వేసికొని కూర్చుండవలెను. ఇది ఆచారమే కాదు. ఏ స్థలమున ఏ పని చేయుదుమో ఆ స్థలము ఆ పనినే గుర్తు చేయును. మంచముపై చింతించు అలవాటైనవానికి మంచము చింతనే తెచ్చును. నిద్ర పట్టనిచో మంచము విడిచి వేరొక చోటికి పోయి, మగత కలిగిన పిదపనే మరలి రావలెనని రిచర్డ్ బూట్జిన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1972లో సూచించెను. నేటి వైద్యులును అదియే చెప్పుచున్నారు. చాపపై కూర్చుండి లింగమును అరచేత నుంచుకొన్నప్పుడు దాని నల్లని నునుపుపై చిన్న దీపపు చుక్క కనబడును. చూపు ఆ చుక్కపై నిలిచిన కొలది ఊపిరి తానే నెమ్మదించును. పదిసార్లు మనస్సు జారిపోయినను పదకొండవసారి తెచ్చి నిలుపుటయే అర్చన. జారినందులకు తన్ను తాను తిట్టుకొన నవసరము లేదు.

వారమునకు మూడు రాత్రులకు తక్కువ కాకుండ, మూడు నెలలుగా నిద్ర పట్టనివారు వైద్యుని చూడవలెను. దానిని దీర్ఘకాలపు నిద్రలేమిగా వైద్యశాస్త్రము పరిగణించుచున్నది. అట్టివారితో "నీకు భక్తి చాలదు" అనుట క్రూరత్వము.

ఇంకొక్క మాట. ఇంటి యజమాని కాగితము వ్రాసి, సెల్‌ఫోను బయట నుంచి, చాపపై లింగార్చన చేసి, తొమ్మిదిన్నరకు ప్రశాంతముగా పడుకొనును. అప్పటికి వంటింటిలో అంట్లు మ్రోగుచునే యుండును. రేపటి పప్పు నానబోసి, పాలు తోడువెట్టి, పిల్లల బట్టలు మడచి, అత్తగారికి మందిచ్చి, కోడలు పదకొండు గంటలకు గదికి వచ్చును. ఆమె లింగమును ధరించినదే, దీక్ష పొందినదే. స్త్రీపురుషులకు లింగధారణ సమానమని చెప్పు మతమున ఆమె అర్చనకు వేళ యేది? ఒకరి శాంతి మరియొకరి అలసటపై నిలిచినచో, అదియు లక్కమ్మ త్రిప్పి పంపిన మిగులు బియ్యము వంటిదే. కొడుకు అంట్లు కడిగినచో, మామగారు పాలు తోడువెట్టినచో, తొమ్మిదిన్నరకు ఆ ఇంట అందరును ఒకే చాపపై కూర్చుండవచ్చును. పని ఎవరెవరికి ఏదియో రేపటి పుస్తకములో ఇంటిల్లిపాది కలిసి వ్రాసికొనవచ్చును.