జలగండం ఎవరికి?

జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీలో నేను చేసింది సేఫ్టీ విభాగం ఉద్యోగం. గాయాల రేటును పది లక్షల పనిగంటలకు ఇన్ని అని కట్టేవాళ్లం. చూసేవాళ్ల కళ్లు పైన ఉండే గాయాల అంకె మీదే ఉంటాయి. కిటుకంతా కింది అంకెలో ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ ముందు నిలబడేవాడి గంటలకు, ఏసీ గదిలో ఫైళ్లు చూసేవాడి గంటలు కలిపితే రేటు దిగిపోతుంది. ఫర్నేస్ మాత్రం ఒక్క డిగ్రీ కూడా చల్లబడదు.

మనవరాలు సువర్ణరేఖ నదిలో రాఫ్టింగుకు వెళ్తానంటే మా ఆవిడ జాతకం తీసింది. పిల్లకు జలగండం ఉందట. పిల్ల ఫోను తీసింది. 2022లో దేశంలో రోడ్ల మీద 1.68 లక్షల మంది పోయారు, నీట మునిగి పోయినవాళ్లు 38 వేల పైచిలుకు. ‘చూశావా తాతా, సాక్చీకి స్కూటీ మీద వెళ్లడమే ఎక్కువ ప్రమాదం!’

ఇక్కడా కింది అంకెనే చూడాలి. రోడ్డెక్కేది దేశమంతా, అదీ రోజూ. తెడ్డు పట్టేవాళ్లు ఎందరు, నీళ్ల మీద ఎన్ని గంటలుంటారు? ఆ 38 వేలలో చెరువులో స్నానానికి దిగినవాళ్లున్నారు, నూతిలో జారినవాళ్లున్నారు. పడవ బోల్తాపడ్డ లెక్క విడిగా ఉన్నా, అందులో రేవు దాటేవాళ్లెవరో, సరదాకి ఎక్కినవాళ్లెవరో తేలదు.

పోనీ తేలిందే అనుకుందాం. సంక్రాంతి మేళానాడు దోముహానీలో కనిపించే సువర్ణరేఖ వేరు. చాండిల్ డ్యాం గేట్లు ఎత్తాక, అటునుంచి ఖర్కాయి కూడా పొంగి వచ్చి కలిసినప్పటి సువర్ణరేఖ వేరు. రెండూ కలిపి సగటు తీస్తే ఆ నది ఏ ఊళ్లోనూ ఉండదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగింది వరద గోదావరిలో, సగటు గోదావరిలో కాదు. అప్పట్లో మా ఊళ్లో ఉండే పర్వతారోహకురాలు బచేంద్రీ పాల్ 1994లో ఆడవాళ్ల జట్టుతో హరిద్వార్ నుంచి కలకత్తా దాకా గంగలో రాఫ్టుల మీద వెళ్లారు. ఆ జట్టునీ, లైఫ్ జాకెట్టు బకిల్ పెట్టుకోని కుర్రాణ్నీ కలిపి తీసిన రేటు ఎవరిదనుకోవాలి?

మహాభారతం అరణ్యపర్వంలోని నలుడి కథలో ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక, చెట్టు నరికి మరీ లెక్కపెడతాడు. (సేఫ్టీలో పనికొచ్చే మనిషి!) లెక్క సరిపోతుంది. కానీ ఫలానా ఆకు ఎప్పుడు రాలుతుందని నలుడు అడగలేదు, ఋతుపర్ణుడు చెప్పలేదు. మా ఆవిడ జాతకం ఆ ఒక్క ఆకు సంగతే చెబుతుంది, ఏ లెక్కా చూపకుండా. పిల్ల ఫోనులో లెక్కలున్నాయి గానీ, వాటిలో పిల్ల లేదు.

అందుకే నేను ఏ నెలలో, గైడు ఎవరు, జాకెట్టు ఒంటికి సరిపోతుందా అని అడిగాను. బిష్టుపూర్ రామమందిరంలో అర్చన చేయిస్తానంది మా ఆవిడ. చేయించమన్నాను. పిల్లను నవంబరు దాకా ఆగమన్నాను. నవంబరంటే సెమిస్టర్ పరీక్షలని మూతి ముడుచుకుంది.